సూది తెలియని చెయ్యి

నీలం నగర్, సోలాపూర్
10 జూన్ 2024

మేఘనా,

నువ్వు రైలెక్కి వెళ్లి రెండు వారాలైంది. వాకిట్లో నువ్వు చాప పరిచి మాకు ఆక్యుపంక్చర్ సూదులు వేసిన చోటే మళ్లీ మేం ఐదుగురం చాటలు ముందేసుకుని బీడీలు చుడుతున్నాం. మేనకోడలు డాక్టరమ్మ అయిందని ఈ గల్లీలో నాకు కొంచెం గౌరవం పెరిగింది. దాన్ని కూర్చుని అనుభవిస్తున్నాను.

ఫోనుండగా ఉత్తరం ఎందుకంటావు. మా ఇల్లు ఒకటే గది. ఫోనులో నేను దగ్గినా కోడలు ప్రతీక్ష పొయ్యి దగ్గర నుంచి "ఎవరత్తా?" అంటుంది. ఆమే, నా కొడుకు ఓంకారూ మరాఠీ బడిలో చదివారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఈ ఇంట్లో తెలుగు అక్షరం తెలిసింది నాకొక్కదానికే. నీకు నేర్పింది కూడా నేనే. చాటలో తంబాకు పొడి పరిచి వేలితో రాయించేదాన్ని. నువ్వు 'అ' రాసి తుమ్మేదానివి. 'అ' ఎగిరిపోయేది.

విషయానికొస్తాను. పక్కింటి గంగుబాయి మెడనొప్పి సగం తగ్గింది. "మా ఆయన మాట కన్న మీ పోరి సూదే నయం, తక్కువ గుచ్చుతది" అని అందరికీ చెబుతున్నది. నాకు గ్యాసు తగ్గింది. పని మీద ఆరుసార్లు తాగే చాయ్ రెండుకు తెచ్చాను. నీ కాగితంలో ఉన్నట్టే పొద్దున జొన్నరొట్టె, ఆకుకూర, మధ్యాహ్నం గుప్పెడు పల్లీలు, నువ్వుల చట్నీ. తల తిరగడం పోయింది.

కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రం ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. ముప్పై ఆరేళ్లుగా రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చెయ్యి, అలిసిపోయి ఉంటుంది. నువ్వు సూదులు వేసినప్పుడు మిగతా నలుగురూ అమ్మా అయ్యో అన్నారు. నాకు మోచేతి నుంచి చిటికెన వేలి దాకా మూడు వేశావు, ఒక్కటీ తెలియలేదు. "బాలమణి గుండె రాయి" అని వీళ్ల మాట. నా గుండె సంగతి నాకు తెలుసు, అది మా పిల్ల హస్తవాసి అన్నాను.

ప్రతీక్షకు ఎనిమిదో నెల. తల్లి లేని పిల్ల, కాన్పు ఇక్కడే. ఏం పెట్టాలో రాయి.

నీ మేనత్త
బాలమణి


వికారాబాద్
19 జూన్ 2024

అత్తమ్మా,

నీ కవరు తెచ్చి ఇచ్చిన గుమాస్తా "కోర్టు నోటీసేమో చూసుకోండి మేడం" అన్నాడు. ఈ ప్రకృతి చికిత్సాలయంలో చేరి మూడేళ్లైంది. నాకొచ్చిన మొదటి ఉత్తరం ఇదే.

హస్తవాసి అన్న మాట దగ్గర ఆగి మళ్లీ చదువుకున్నాను. మా పెద్ద డాక్టరు గారికి కూడా చదివి వినిపించాను. నలభై ఏళ్లు నడుం వంచి బీడీలు చుట్టినవాళ్లకు నాలుగు రోజుల్లో ఉపశమనం వచ్చిందంటే నాకు గర్వంగానే ఉంది. దాచను.

ప్రతీక్షకు: పాలు, పెసరపప్పు, గుడ్డు తింటే గుడ్డు, మెంతికూర, రోజూ ఒక అరటిపండు. ఆస్పత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. చాయ్‌తో కలిపి వేసుకోకూడదు.

నీ వేళ్ల సంగతి. మెడ దగ్గర నరం ఒత్తుకుపోయి ఉంటుందని నా అంచనా. పైగా నువ్వు కుడి మోచెయ్యి నేలకు ఆనించి కూర్చుంటావు. అక్కడ చర్మం పాలిపోయి, మొద్దుబారి ఉంది, సూది వేస్తూ చూశాను. మోచేతి కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకో. దిండు పలచనిది వాడు. నెలలో తగ్గకపోతే షుగరు, బీ-పన్నెండు పరీక్ష చేయించు. దసరాకు వచ్చినప్పుడు ఇంకో నాలుగు సూదులు వేస్తాను.

నీ
మేఘన


నీలం నగర్
11 ఆగస్టు 2024

మేఘనా,

జూలై ముప్పైన ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ముక్కు ఓంకార్‌ది, గొంతు గంగుబాయిది. తల్లీపిల్లా బాగున్నారు.

ఇంట్లో ముసలిదాని పని ఏంటంటే పిల్లకు నీళ్లు పోయడం. కాళ్లు చాపి, పిండి రాసి, నేనే పోస్తున్నాను. మొన్న ఒక చిన్న గొడవ జరిగింది. ఎప్పట్లాగే బకెట్లో కుడిచెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. చెంబు ముంచాను. పక్కనే ఉన్న ప్రతీక్ష గుడ్డ తడపబోయి ఒక్క కేక పెట్టింది.

"అత్తా, ఆగు! నీళ్లు మసులుతున్నయ్! పోరి తోలు ఊడిపోతుండె!"

"నీ చేతులు మైనం చేతులు. మేం నీళ్లు పోయకుండనే మీ ఆయన ఇంత పెద్దగైండా?" అన్నాను. మాటకు మాట పెరిగి, ఆ పూట పిల్లకు స్నానమే కాలేదు. ఈ కాలం పిల్లలకు ప్రతిదీ కాలుతుంది. సాయంత్రం చూసుకుంటే నా కుడి అరచేతి అంచున బొబ్బ. ఎప్పుడు పొయ్యికి తగిలిందో తెలియదు.

మోచేతి కింద గుడ్డ పెట్టుకుంటున్నాను. బీడీ కంపెనీ బ్రాంచిలో మాల్ చూసి తీసుకునే చెకర్ నా బీడీల్లో మూతి సరిగ్గా మడవనివి ఏరి పక్కన పడేశాడు. "మావషీ, కండ్లు చూపించుకో" అన్నాడు. నా కళ్లు బాగానే ఉన్నాయి. గోడ మీద బల్లిని ఇక్కడి నుంచే చూస్తున్నాను.

బాలింతకు ఏం పెట్టాలో త్వరగా రాయి.

బాలమణి


వికారాబాద్
17 ఆగస్టు 2024

అత్తమ్మా,

ఇది ఎవరూ లేనప్పుడు చదువు.

ఇవాళ నుంచి పాప నీళ్లు కుడిచేత్తో చూడొద్దు. ఎడమ మోచెయ్యి ముంచి చూడు, లేదా ప్రతీక్షను చూడమను. ఆ నీళ్లు నిజంగా మసులుతూనే ఉన్నాయి. నీ అరచేతి బొబ్బ పొయ్యిది కాదు, ఆ బకెట్‌ది.

మే నెలలో నీ మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ చూశాను. సరిగ్గా ఆ మచ్చలోనే సూది వేశాను. నీకు తెలియలేదు. తెలియకపోతే ఎందుకు తెలియలేదని అడగాల్సిన చదువు నాది. నువ్వు హస్తవాసి అన్నావు, నేను పొంగిపోయాను.

స్పర్శ లేని మచ్చ, వేళ్ల తిమ్మిరి, కాలినా తెలియని చెయ్యి. ఈ మూడూ కలిస్తే మొదట చూడాల్సింది కుష్ఠు. ఖాయమని నేను చెప్పడం లేదు. చూసి చెప్పగలిగినవాళ్లు ప్రభుత్వాస్పత్రి చర్మ విభాగంలో ఉన్నారు. అది కుష్ఠే అయితే మందు ఉంది, ఉచితం, నయమవుతుంది. ఆలస్యమైతే వేళ్లు వంగిపోతాయి. వంగినవి మందుతో తిరిగి రావు.

ఈ వారమే వెళ్లు. వెళ్లి రాయి.

మేఘన


వికారాబాద్
22 సెప్టెంబర్ 2024

అత్తమ్మా,

ఐదు వారాలైంది. నీ నుంచి ఒక్క అక్షరం లేదు. నాన్న నుంచి మాత్రం ఫోనొచ్చింది.

దాజీ పేట్ నుంచి నాన్న మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు అన్న మాట ఇదట: "మేఘన సూది నరానికి తగిలింది తమ్మీ, చెయ్యి పడిపోయింది." వాకిట్లో అందరికీ అదే చెప్పావట. ఆడవాళ్లు నేనిచ్చిన ఆహారం కాగితాలు పొయ్యిలో పడేశారట. గంగుబాయి మెడనొప్పి మళ్లీ మొదలైంది, దానికీ నేనే కారణం. నా మీద ఫిర్యాదు చెయ్యాలంటోందట.

ఇదంతా చెప్పి, చివర్లో నాన్న నన్ను అన్నవి రెండే మాటలు. "నీ చదువుకు మగ్గాలు అమ్మిన. మా అక్క చేతి మీదనే నేర్చుకున్నవా?"

నేను తప్పు చేశాను. రాతలో ఒప్పుకున్నాను. కానీ ఆ తప్పు నువ్వు చెబుతున్నది కాదు. సన్నటి సూది, అరంగుళం లోతు, అక్కడ తెగే నరం లేదు. నీ వేళ్లు నేను రాకముందే తిమ్మిరిగా ఉన్నాయి. అది నీకూ తెలుసు.

ఇంకొకటి. బాలింతకు రోజూ బీట్‌రూట్ పెట్టమని నేను రాశానని నాన్న అన్నాడు. ఓంకార్‌కు దాని రంగు చూస్తేనే వాంతి వస్తోందట. నేను బీట్‌రూట్ అని ఎప్పుడు రాశాను?

ఆస్పత్రికి వెళ్లావా, లేదా? ఈ ఒక్కదానికి జవాబు రాస్తే చాలు.

మేఘన


నీలం నగర్
2 అక్టోబర్ 2024

మేఘనా,

వెళ్లలేదు.

నీ ఆగస్టు ఉత్తరం వచ్చిన రోజు ప్రతీక్షే పోస్టుమాన్ దగ్గర తీసుకుంది. పాపకు పాలిస్తూ ఎదురుగా కూర్చుని "చదువత్తా, నా కోసం ఏం రాసింది వదిన?" అన్నది. విప్పాను. ఆ రోగం పేరు దగ్గర కాగితం మడిచేశాను. ఏదో ఒకటి అనాలి. చాటలో కూరగాయలు ఉన్నాయి. "నీకు రోజూ బీట్‌రూట్ పెట్టమన్నది" అన్నాను. "ఇంకా?" అన్నది. ఇంకేమీ తోచలేదు. "అంతే" అన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే కూర.

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పనిది చెబుతాను. మీ నాన్నకు అప్పుడు రెండేళ్లు, తెలియదు.

మా తాత తమ్ముడు పెంటప్ప. దాజీ పేట్‌లో ఆయన నేసిన చీర అంచు చూడ్డానికి వేరే పేటల వాళ్లు వచ్చేవారు. వేళ్లు వంగాక మగ్గం మీంచి దింపేశారు. తర్వాత వెనక నూలు పెట్టే కొట్టంలో ఉంచారు. కంచం నేను తీసుకుపోయేదాన్ని. తొమ్మిదేళ్లు నాకు. గడప దగ్గర పెట్టి పొడుగు కర్రతో లోపలికి నెట్టాలి. తిన్నాక ఆయన అటు నుంచి నెట్టేవాడు. ఎప్పుడూ "కర్ర జాగ్రత్త బిడ్డా, అన్నం ఒలుకుతది" అనేవాడు. ఒకరోజు కంచం ఇటు రాలేదు. మా అమ్మ కర్రను కాల్చేసి, కంచాన్ని పాతిపెట్టింది.

నువ్వు రాసిన మాట చదివినప్పుడు నాకు కనిపించింది ఆ కర్రే. పాపను నా ఒళ్లో ఎవరు పెడతారు? నేను చుట్టింది నలుగురి నోట్లోకి పోయేది. బ్రాంచిలో ఎవరైనా ఊహించినా చాలు, నాకు ఆకు, తంబాకు ఇవ్వరు. వాకిట్లో ఈ నలుగురూ చాటలు పట్టుకుని లేచిపోతారు.

చెయ్యి ఎందుకు పనిచేయడం లేదని అందరూ అడుగుతున్నారు. దానికి ఒక పేరు కావాలి. దగ్గర్లో దొరికింది నీ సూది. అన్నాక నాకు తెలిసింది ఎంత తేలిగ్గా నమ్మారో. పిల్లకు నీళ్లు పోయడం కూడా ఆ పేరు మీదే ప్రతీక్షకు అప్పగించాను.

నన్ను తిట్టు. కానీ ఆ మాట ఇంకోసారి కాగితం మీద రాయకు.

బాలమణి


వికారాబాద్
9 అక్టోబర్ 2024

అత్తమ్మా,

తిట్టను. ఆ పేరు ఉంచుకో. సూది వల్లే చెయ్యి పోయిందని చెప్పు, ఎవరడిగినా చెప్పు. గంగుబాయి ఫిర్యాదు చేస్తే నేను జవాబు చెప్పుకుంటాను. నాన్నతో కూడా ఏమీ అనను.

బదులుగా ఆస్పత్రికి వెళ్లాలి. "సూది పాడుచేసిన చెయ్యి చూపించుకోవడానికి" అని చెప్పి వెళ్లు. ఎవరూ ఆపరు.

ఆ మాట రాయకుండానే తెలిసినవి రాస్తాను. ఇది పాపం వల్ల రాదు. వంశం వల్ల రాదు. ముట్టుకుంటే అంటుకునేది కాదు. ఎక్కువమంది ఒళ్లు దాన్ని తట్టుకుంటుంది. మందు మొదలైన కొద్ది రోజులకే ఇంకొకరికి సోకే గుణం దాదాపు పోతుంది. పెంటప్ప తాత కాలంలో ఈ మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి లేదు. ఇప్పుడు ఉంది. నా సూదులతో, జొన్నరొట్టెతో, ఆకుకూరతో ఇది తగ్గదు. తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నేను చెప్పినా నమ్మొద్దు.

ఇది చదివాక ఒక పని చెయ్యి. నీ బీడీ కార్మికుల కార్డు తీసి కుడిచేతి ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య పట్టుకో. వేళ్లు చాచి ఉంచి, ఎడమచేత్తో కార్డు లాగు. ఆగితే నీకు కొంత సమయం ఉంది. జారితే లేదు.

నీ ఈ ఉత్తరాన్ని జూన్ ఉత్తరం పక్కన పెట్టి చూశాను. అప్పుడు నీ అక్షరాలు పూసలు గుచ్చినట్టు ఉన్నాయి. ఇప్పుడు కాగితం చివరికి వచ్చేసరికి కొమ్ములు, దీర్ఘాలు కిందికి జారిపోతున్నాయి. కలం కూడా నీ చేతిలో నిలవడం లేదు అత్తమ్మా. నాకు భయంగా ఉంది.

మేఘన


నీలం నగర్
20 నవంబర్ 2024

మేఘనా,

కార్డు జారిపోయింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ జారింది. ముప్పై ఆరేళ్లుగా నా పేరున్న కార్డు. దాన్ని నా వేళ్లు పట్టుకోలేకపోయాయి. తెల్లారి వెళ్లాను.

ప్రతీక్ష "నేనొస్త అత్తా" అన్నది. పిల్లకు ఎండ అని ఆపాను. చర్మ విభాగం ముందు బల్ల మీద జనం ఒకరికొకరు ఎడంగా కూర్చున్నారు. కొంగు కప్పుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆడ డాక్టరు. కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో తాకి, తాకిన చోట వేలు పెట్టి చూపించమన్నది. చూపించాను. కళ్లు తెరిచాక అడిగింది, "మావషీ, ఎన్నిసార్లు తాకాను?" ఆరు అన్నాను. పదకొండట.

వీపు మీద నాలుగు మచ్చలున్నాయని చెప్పింది. నాకు తెలియదు. నా వీపు చూసే మనిషి పోయి తొమ్మిదేళ్లైంది. చేతిలో ఒకటి, కాలిలో ఒకటి, రెండు నరాలు ఉబ్బాయట. ఏడాది మందు. నరం వాపుకు వేరే మాత్ర, దానితో ఉప్పు తగ్గించాలి. మొదటి మోతాదు అక్కడే, ఆమె ఎదురుగా మింగించింది. "ఇంట్లో చిన్నపిల్ల ఉంది, దూరంగా ఉండాలా?" అని అడిగాను. అవసరం లేదన్నది. అందరినీ ఒకసారి తీసుకురమ్మన్నది. తల ఊపి వచ్చాను.

ఆ మందుకు ఆ పూట మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పింది. చెప్పినా, నీళ్లు పోయడం మరిచి చూస్తూ నిలబడ్డాను. బాత్రూమ్ మాకూ గంగుబాయికీ ఒకటే. నా వెనకే వచ్చింది. "ఏందే ఇది, నెత్తురా?" అన్నది. "బీట్‌రూట్" అన్నాను. "నీ మేనకోడలు సూదితోని సంపలేక దుంపతోని సంపుతున్నది" అన్నది. నవ్వాను. నవ్వుతూ చెంబు ముంచి నీళ్లు పోశాను.

మాత్రల పట్టీలు, ఆస్పత్రి కార్డు పాత తంబాకు డబ్బాలో ఆకుల కింద పెట్టాను. ఆశా వర్కరు వస్తుందట, ఇంటికి రావద్దని బతిమాలాను. గల్లీలో వాళ్లు కట్టే గులాబీ చీర కనబడితే చాలు, చేతిలో బీడీ ఆగిపోతున్నది.

బాలమణి


నీలం నగర్
19 జనవరి 2025

మేఘనా,

నా రంగు మారుతోంది. మందు గుణమని డాక్టరమ్మ చెప్పింది, ఆపాక పోతుందట. అద్దంలో వేరే మనిషి ఉంది. గంగుబాయి అందరి ముందూ అడిగింది.

"ఏందే బాలమణీ, మొఖం మాడిన రొట్టె లెక్కైంది? ఆ పోరి సూదిల ఏం బెట్టిందో!"

మిగతా ముగ్గురూ బీడీలు ఆపి నా వైపు చూశారు. ఎండ అన్నాను. జనవరిలో.

అసలు సంగతి ఇది. పోయిన గురువారం చుట్టిన మాల్ ఇవ్వడానికి పొద్దున్నే బ్రాంచికి పోయాను. హడావుడిలో మాత్రలు మరిచిపోయాను. మధ్యాహ్నం ఇంటికి వచ్చాక ప్రతీక్ష కంచం పెట్టింది. రొట్టె, మెంతికూర. కంచం అంచున రెండు మాత్రలు.

నేను తల ఎత్తలేదు. ఆమె కూర్చుంది.

"రెండు పేజీల ఉత్తరంల ఒక్క బీట్‌రూటేనా అత్తా?"

నేను రొట్టె తుంచాను.

"చదివి ఏడ్చినవు. బీట్‌రూట్‌కు ఎవరేడుస్తరు?"

ఆస్పత్రి కార్డు మరాఠీలో ఉంది మేఘనా. తెలుగులో ఇన్ని నెలలు దాచినదంతా మరాఠీలో రాయించుకొచ్చి నేనే డబ్బాలో పెట్టాను. నాకు మరాఠీ మాట్లాడ్డం వచ్చు, చదవడం అంతంతే. ఇంట్లో చదివేది ఆమె. డిసెంబరు మొదట్లోనే చూసిందట. పాపకు టీకా వేయించడానికి పోయినప్పుడు, ఓంకార్‌ను కూడా పిలిపించుకుని ముగ్గురూ పరీక్ష చేయించుకున్నారు. ఎవరికీ ఏమీ లేదు. వాళ్లకు ముందుజాగ్రత్త గురించి కూడా చెప్పి పంపారు. నెలన్నర నుంచి తెలిసి ఇద్దరూ నాతో మామూలుగానే ఉన్నారు.

"ఎందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు చెప్తవని చూసిన" అన్నది. తర్వాత పాపను నా ఒళ్లో పడేసి బట్టలు ఉతకడానికి పోయింది.

కంచం చేత్తోనే పెట్టింది. నేను అదే చూస్తూ కూర్చున్నాను. పాప తల నా కుడిచెయ్యి మీద ఉంది. ఉందని చూసి తెలుసుకున్నాను, చెయ్యి చెప్పలేదు.

బాలమణి


వికారాబాద్
27 జనవరి 2025

అత్తమ్మా,

ప్రతీక్షకు నా తరఫున బీట్‌రూట్ నుంచి విముక్తి ఇవ్వు. మెంతికూర, తోటకూర, పల్లీలు, బెల్లం, ఇవి మాత్రం నువ్వు కూడా మానొద్దు. ఈ మందుల్లో ఒకదానికి రక్తం తగ్గించే గుణం ఉంది, పరీక్ష చేయిస్తూ ఉండు. కుడిచేత్తో వేడి గిన్నె దించకు. రోజూ సాయంత్రం రెండు చేతులూ, పాదాలూ దీపం దగ్గర పెట్టి చూసుకో. నొప్పి చెప్పాల్సింది ఇక కన్ను చెప్పాలి.

మార్చి మొదటి వారం సెలవు దొరికింది. నాన్న ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అయినా వస్తాను.

మేఘన


నీలం నగర్
16 ఫిబ్రవరి 2025

మేఘనా,

వచ్చేటప్పుడు సూదులు తెచ్చుకో.

వాకిట్లో అందరూ కూర్చుని ఉన్నప్పుడు నా చేతికి వెయ్యి. మే నెలలో వేసినట్టే, మూడు. అది నయం చేయదని నాకు తెలుసు, నువ్వే రాశావు. ఇది మందు కోసం కాదు. చెయ్యి చంపిన సూదినే నేను మళ్లీ వేయించుకుంటే, అది చంపలేదని వీళ్లకు అర్థమవుతుంది. గంగుబాయి మెడ పట్టుకుని తిరుగుతున్నది, అడగడానికి మొహం చెల్లక. నీ పేరు నేను తీసుకున్నాను, తిరిగి ఇవ్వాలి. దాచాల్సింది దాచుతూనే ఇవ్వాలి.

సూది వేసినప్పుడల్లా నేను "అమ్మా" అని అరుస్తాను. మూడింటికీ అరుస్తాను. అరవకపోతే మళ్లీ గుండె రాయి అంటారు, ఎవరో ఒకరు ఆలోచించడం మొదలుపెడతారు. కాబట్టి నా నోరు నమ్మకు.

నిజంగా తెలిస్తే ఎడమచేత్తో నీ మోకాలు పట్టుకుంటాను. తెలియకపోతే పట్టుకోను. ఆ సంగతి నీకూ నాకూ మధ్యే. ఒక్కసారి కూడా పట్టుకోకపోతే నువ్వు మొహం మార్చుకోకు. వీళ్లు నీ మొహమే చూస్తుంటారు.

నాలుగు రోజులుగా ఎవరూ లేనప్పుడు సూదిమొనతో గుచ్చి చూసుకోవాలనిపిస్తోంది. చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని భయం.

బాలమణి


సోలాపూర్ స్టేషన్
8 మార్చి 2025

అత్తమ్మా,

రైలు నలభై నిమిషాలు ఆలస్యమట. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇది కవరులో అంటించి నాన్నకు ఇస్తాను, ఆయన తెచ్చి ఇస్తాడు. స్టేషన్ దాకా సంచీ మోసుకొచ్చాడు. మాట్లాడలేదు గానీ సంచీ నాకివ్వలేదు.

గంగుబాయి మెడకు రెండు సూదులు వేయించుకుని, ఫిర్యాదు సంగతి ఎత్తకుండా, నా చేతిలో జొన్నరొట్టెల మూట పెట్టింది. "రైల్ల తిను, సన్నగైనవ్" అన్నది. నీ నాటకం గెలిచింది.

అక్కడ నీతో ఒంటరిగా మాట్లాడే వీలు దొరకలేదు. అందుకే ఇది.

మొదటిది మోచేతి మచ్చ పక్కన వేశాను. అరిచావు. నీ ఎడమచెయ్యి నీ ఒళ్లోనే ఉంది. నేను నవ్వుతూ దూది తీసుకున్నాను. రెండోది మణికట్టు దగ్గర. ఇంకా గట్టిగా అరిచావు, ప్రతీక్ష ఒళ్లో పాప ఉలిక్కిపడింది. నీ చెయ్యి కదల్లేదు. మూడో సూది తీసే ముందు నీ ఎడమచెయ్యి వైపు ఇంకోసారి చూశాను. చిటికెన వేలి మొదట్లో వేశాను.

నువ్వు అరవడం మరిచిపోయావు అత్తమ్మా. గంగుబాయి నీ వైపు తిరిగింది. ఆ తర్వాత అరిచావు. కానీ అంతకుముందే నా మోకాలు పట్టుకున్నావు.

మోకాలు ఇంకా నొప్పిగా ఉంది. ఇప్పుడే చీర కొంచెం ఎత్తి చూసుకున్నాను. నాలుగు గోళ్ల గుర్తులున్నాయి.

మేఘన